కథలో థీమ్ పట్టుకోవడం పిల్లలకు ఎలా నేర్పాలి: సమగ్ర మార్గదర్శి

మన ఇళ్ళలోనూ బళ్ళలోనూ కథ అయిపోగానే వచ్చే ప్రశ్న ఒకటే: "ఇందులో నీతి ఏమిటి?" పిల్లలు కూడా తడుముకోకుండా చెప్పేస్తారు. ఐకమత్యమే మహాబలం. అత్యాశ పనికిరాదు. పెద్దల మాట వినాలి. ఈ నాలుగైదు వాక్యాలు నోటికొస్తే చాలు, ఏ కథ ఇచ్చినా గట్టెక్కేయొచ్చు. కథ చదవకపోయినా గట్టెక్కేయొచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

థీమ్ పట్టుకోవడం వేరే పని. ఈ కథే, ఈ మనుషులతోనే, ఈ ముగింపుతోనే బతుకు గురించి ఏం చెబుతోందో వినిపించుకోవడం. ఇది నేర్పడానికి పెద్ద సాహిత్య పాండిత్యం అక్కర్లేదు. కొన్ని మంచి ప్రశ్నలు కావాలి, కాస్త ఓపిక కావాలి, జవాబు మనమే చెప్పేయకుండా నోరు కట్టేసుకోవాలి. మూడోదే అన్నిటికంటే కష్టం. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలున్న తల్లిదండ్రులనూ, తెలుగు చెప్పే టీచర్లనూ దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను.

ముందు మనకు తేడా తెలియాలి

ఆవు–పులి కథ తీసుకుందాం. 15వ శతాబ్దపు కవి అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన కథ ఇది. పాఠ్యపుస్తకాల్లోనో అమ్మమ్మ నోటనో వినని వాళ్ళు తక్కువ. మేతకు వెళ్ళిన ఆవుకు పులి ఎదురవుతుంది. ఇంటి దగ్గర పాలు తాగే దూడ ఉంది, పాలిచ్చి తిరిగొస్తానని ఆవు బతిమాలుతుంది. పులి వదిలిపెడుతుంది. ఆవు వెళ్ళి దూడకు కడుపు నింపి, నాలుగు బుద్ధులు చెప్పి, అన్న మాట ప్రకారం పులి ముందుకొచ్చి నిలబడుతుంది. పులి దాన్ని తినదు.

ఇప్పటిదాకా నేను చెప్పింది సారాంశం. "మాట నిలబెట్టుకోవడం" అంటే అది కథ విషయం. "ఆడిన మాట తప్పకూడదు" అంటే నీతి. "మాట మీద నిలబడ్డవాళ్ళను చూస్తే క్రూరుడి మనసు కూడా కదులుతుంది" అంటే అది థీమ్. "ప్రాణం పోయే వేళ కూడా తల్లికి ముందు బిడ్డ ఆకలే గుర్తొస్తుంది" అన్నా థీమే.

నీతి మనల్ని ఏదో చెయ్యమంటుంది. థీమ్ ఏమీ చెయ్యమనదు, కథ చూపించినదాన్ని వాక్యంలో పెడుతుంది. ఒక కథకు రెండు మూడు థీమ్‌లు ఉండొచ్చు. అయితే తోచిందల్లా థీమ్ అయిపోదు, కథలో దానికి ఆధారం చూపించాలి. నీతి అడగడం తప్పని నేననను. పిల్లలకు మంచీచెడూ చెప్పడానికి కథను వాడుకోవడం మన పెద్దలు ఎప్పటినుంచో చేస్తున్నదే. కాకపోతే మొదటి ప్రశ్న అదే అయితే రెండో ప్రశ్నకు చోటుండదు.

మొదటి అడుగు: కథ ఎంచుకోవడం

పది నిమిషాల్లో చదవగలిగేది, పిల్లలకు ముందే కొంచెం తెలిసినది తీసుకోండి. కొత్త కథ అయితే "తర్వాత ఏమైంది" అన్న ఆత్రంలోనే ఉంటారు, లోపలికి చూడరు. చివర పెద్దక్షరాలతో నీతి అచ్చువేసిన పుస్తకమైతే ఆ భాగం మీద కాగితం అంటించండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో పెరిగే పిల్లలకు చెప్పేటప్పుడు చదివించడం కన్నా నోటితో చెప్పడం మేలు. థీమ్ అనే మాట వాళ్ళు స్కూల్లో ఇంగ్లీషు పాఠంలో వినే ఉంటారు, కాబట్టి ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లీషులో జవాబిస్తే ఇవ్వనివ్వండి. ఆలోచన బయటికొచ్చాక తెలుగు మాటలు అందించండి. ముందే "తెలుగులో చెప్పు" అంటే ఉన్న ఆలోచన కూడా ఆగిపోతుంది.

రెండో అడుగు: మొదటిసారి ఊరికే చదవనివ్వండి

ప్రశ్నలు వద్దు, మధ్యలో ఆపడం వద్దు. బడి పుస్తకంతో చేస్తుంటే ఇంకో జాగ్రత్త కావాలి. మన తెలుగు వాచకాల్లో పాఠానికి ముందే ఉద్దేశం, నేపథ్యం లాంటి శీర్షికల కింద ఆ పాఠం ఎందుకు పెట్టారో రాసి ఉంటుంది. టీచరుకు అది పనికొస్తుంది. పిల్లవాడికి మాత్రం జవాబు ముందే చెప్పేసినట్టు. ఆ పేజీ తిప్పేసి నేరుగా పాఠంలోకి వెళ్ళండి. పిల్లలు తమ థీమ్ రాసుకున్న తర్వాత వెనక్కొచ్చి ఉద్దేశం చదివించండి. "పుస్తకం ఇలా అంటోంది, మీరేమంటారు?" అని అడగండి. పుస్తకంతో విభేదించే పిల్లలు ఒకరిద్దరు కచ్చితంగా తేలతారు. వాళ్ళ దగ్గర ఆధారం ఉంటే వాళ్ళదీ సరైనదే.

మూడో అడుగు: మూడు చోట్ల వెతకడం

థీమ్ కథలో ఎక్కడ దొరుకుతుందో పిల్లలకు చూపించాలి. నేను మూడు ప్రశ్నలే వాడతాను. మళ్ళీ మళ్ళీ వచ్చేది ఏమిటి? మొదటికీ చివరికీ ఎవరు మారారు? ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు, దానివల్ల ఏమైంది?

వీటిని పరీక్షించడానికి ఏడు చేపల కథను మించింది లేదు. అనగనగా ఒక రాజు, ఏడుగురు కొడుకులు. వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపా గడ్డిమోపా ఎందుకు అడ్డమొచ్చావు? ఆవు మేయలేదు. ఆవును అడిగితే పాలేరు మేపలేదంది. పాలేరును అడిగితే అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు. అవ్వను అడిగితే పిల్లాడు ఏడ్చాడంది. పిల్లాణ్ణి అడిగితే చీమ కుట్టిందన్నాడు. చీమను అడిగితే, "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" అంది. ఇంటింటికీ ఒకటి రెండు మార్పులుంటాయి, మీ ఇంట్లో చెప్పుకునేదే వాడండి.

దీనికి నీతి అడిగి చూడండి. పిల్లలు దిక్కులు చూస్తారు. జేబులో ఉన్న వాక్యాలేవీ దీనికి అతకవు, అందుకే ఇది మంచి కథ.

మొదటి ప్రశ్న వేయండి. మళ్ళీ మళ్ళీ వచ్చేది "ఎందుకు" అన్న మాట. మూడో తరగతి పిల్లలైనా వెంటనే పట్టేస్తారు. "సరే, ప్రతిసారీ వచ్చే జవాబులో కూడా ఒకే పోలిక ఉంది, ఏమిటది?" అని ఇంకొంచెం నెట్టండి. ఇక్కడ కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని మీరు నింపకండి. ఎవరో ఒకరు అంటారు: "అందరూ ఇంకొకళ్ళ పేరు చెప్తున్నారు టీచర్." పక్కవాడు అందుకుంటాడు: "ఒక్క చీమ చెప్పలేదు." అవును, చీమ ఒక్కటే తన సంగతి తాను చెప్పింది. కుట్టానని ఒప్పుకుంది, ఎందుకు కుట్టిందో కూడా చెప్పింది.

రెండో ప్రశ్న: ఎవరు మారారు? ఎవరూ మారలేదు. చేప ఎండిందా అన్నది కూడా కథ చెప్పదు. జవాబు "లేదు" అని వస్తే ఆ ప్రశ్న వృథా అయిందనుకోకండి. ఇంతమందిని అడిగినా ఎవరూ మారలేదంటే, అడగడంతోనే పని అవ్వదని కథ అంటోందా? ఐదో తరగతి దాటిన పిల్లలు దీని మీద బాగా వాదించుకుంటారు.

మూడో ప్రశ్నకు ఈ కథలో దొరికే నిర్ణయం చిన్నదే: పిల్లాడు పుట్టలో వేలు పెట్టాడు. కానీ వెనక్కి లెక్క కట్టుకుంటూ వెళ్తే, ఆ ఒక్క వేలు వల్ల రాజుగారింట్లో చేప ఎండలేదు.

ఈ కథ మీద పిల్లలు చెప్పే థీమ్‌లు దాదాపుగా ఇలా ఉంటాయి:

- పని చెడినప్పుడు అందరూ తప్పు పక్కవాడి మీదకి నెడతారు.
- ఒకచోట జరిగిన చిన్న పని ఎక్కడో దూరాన ఇంకొకరి పనిని ఆపేస్తుంది.
- ఎంత చిన్న ప్రాణికైనా తన ఇల్లు బంగారమే.

మూడూ నిలబడతాయి. మూడోది నాకు మరీ ఇష్టం, ఎందుకంటే అది "బంగారు" అన్న ఒక్క మాట మీద నిలబడింది. ఆ మాట పుట్టకు ఎందుకు తగిలించారా అని ఆలోచించిన పిల్లకే అది తడుతుంది. ఎవరైనా "చేపల్ని చంపకూడదు" అంటే కాదని కొట్టిపారేయకండి. "కథలో చేపల మీద జాలి ఎక్కడ కనిపించింది?" అని అడగండి. వెతుకుతారు, దొరకదు, వాళ్ళే వదిలేస్తారు.

నాలుగో అడుగు: మాటను వాక్యం చెయ్యడం

థీమ్ ఏమిటంటే పిల్లలు ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. స్నేహం. ధైర్యం. ప్రేమ. ఇది సగం జవాబే. "స్నేహం గురించి ఈ కథ ఏమంటోంది?" అన్నదే తర్వాతి ప్రశ్న. జవాబు వాక్యంగా రావాలి. అందులో పాత్రల పేర్లు ఉండకూడదు, "చెయ్యాలి", "చెయ్యకూడదు" ఉండకూడదు. ఈ రెండు నియమాలు బోర్డు మీద రాసిపెట్టండి చాలు, సగం నీతివాక్యాలు వాటంతటవే రాలిపోతాయి.

వాక్యం వచ్చాక ఒక పరీక్ష పెట్టండి: ఇది వేరే ఏ కథకైనా అతుకుతుందా? "మంచివాళ్ళకు మంచే జరుగుతుంది" అన్నది చందమామ పాత సంచికల్లో ఏ పేజీ తెరిచినా అతుకుతుంది. అలా ఎక్కడైనా అతికేది ఈ కథది కాదు. ఇంకొంచెం బిగించమని చెప్పండి. మంచివాళ్ళంటే ఎవరు? ఎలాంటి మంచి? వెంటనే జరిగిందా, ఏమైనా పోగొట్టుకున్నాక జరిగిందా?

పావురాల కథతో ఇది బాగా తెలుస్తుంది. చిన్నయసూరి 1853లో అచ్చువేసిన నీతిచంద్రిక మిత్రలాభంలో ఈ కథ ఉంది. వలతో సహా ఎగిరిపోయిన పావురాలు అనగానే క్లాసంతా ఒకే గొంతుతో "ఐకమత్యమే మహాబలం" అంటుంది. సరే, రాయమనండి. తర్వాత కథలో అందరూ దాటేసే చోటుకు తీసుకెళ్ళండి. మనుషులే లేని అడవిలో నూకలు ఎక్కడివని రాజు చిత్రగ్రీవుడు ముందే అనుమానించాడు. అతని మాట పక్కనపెట్టి దిగారు, చిక్కుకున్నారు. దిగమని సలహా ఇచ్చిన పావురాన్ని మిగతావి తిట్టిపోస్తుంటే రాజు ఆపాడు. చివరికి మిత్రుడైన ఎలుక హిరణ్యకుడు వచ్చి ముందు చిత్రగ్రీవుడి కట్లు కొరకబోతే, ముందు నావాళ్ళవి కొరుకు అన్నాడు.

ఇప్పుడు అడగండి: "నేను ముందే చెప్పానా లేదా" అని రాజు ఎందుకు అనలేదు? మన ఇళ్ళలో పెద్దవాళ్ళు రోజూ అనే మాట అది! పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వులోంచే కొత్త వాక్యం వస్తుంది: "ఆపద వచ్చినప్పుడు తప్పెవరిదో లెక్కలు తియ్యనివాడే నాయకుడు." మొదట రాసిన దాని పక్కన దీన్ని పెట్టి, ఏది ఈ కథదో ఏది అన్ని కథలదో వాళ్ళనే తేల్చమనండి.

ఐదో అడుగు: "ఎక్కడుంది? చూపించు"

నోటుబుక్కులో ఎడమ పేజీ కథది, కుడి పేజీ పిల్లవాడిది. ఎడమవైపు కథలోంచి తీసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు. కుడివైపు అది చదివితే తనకు ఏమనిపించిందో. థీమ్ వాక్యం పేజీ అడుగున. కనీసం రెండు ఆధారాలు, అందులో ఒకటి కథ చివరి భాగం నుంచి. ముగింపుకు సరిపోని థీమ్ సాధారణంగా నిలబడదు. పులి ఆవును తినేసి ఉంటే కథ ఇంకేదో చెప్పేది కదా?

మార్కులు వేసే టీచర్లకు ఒక మాట. థీమ్ వాక్యానికి తక్కువ, ఆధారానికి ఎక్కువ మార్కులు వేయండి. అలా చేస్తే గైడ్‌లో వాక్యం బట్టీపట్టినవాడికి లాభం ఉండదు. తప్పు జవాబు చెప్తానేమో అనే టెన్షన్ కూడా పిల్లలకు తగ్గుతుంది. లేకపోతే వాళ్ళు కథను చూడటం మానేసి మన ముఖం చూస్తూ జవాబు వెతుకుతారు. "ఊఁ", "ఆఁ", "ఇంకా?" అని మనం గొంతు మార్చే తీరుని బట్టే సరైన జవాబు పసిగట్టేయడంలో పిల్లలు ఆరితేరినవాళ్ళు. అందుకే మంచి జవాబుకూ వంకర జవాబుకూ ఒకే ప్రశ్న వెయ్యండి: ఎక్కడుంది, చూపించు.

పద్యం అయితే

శతక పద్యాలతో ఒక ఇబ్బంది ఉంది. కవే మాట తేల్చి చెప్పేస్తాడు, పిల్లవాడు కనుక్కోవడానికి ఏమీ మిగలదనిపిస్తుంది. వేమన పద్యాలు చాలావాటిలో మొదటి రెండు పాదాల్లో పోలిక, మూడో పాదంలో అసలు మాట, నాలుగోది మకుటం. కాబట్టి మూడో పాదాన్ని మూసేయండి.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు

ఇక్కడ ఆపి, వీలైతే ఉప్పూ పచ్చకర్పూరమూ రెండు పళ్ళాల్లో పెట్టి చూపించి, కవి తర్వాత ఏమంటాడో ఊహించమనండి. స్నేహితుల గురించి అంటారు, మాటల గురించి అంటారు, కోచింగ్ సెంటర్ల గురించి అన్నవాడు కూడా ఉన్నాడు. అన్నీ రాయించి అప్పుడు కాగితం తియ్యండి:

పురుషులందు పుణ్య పురుషులు వేరయ
విశ్వదాభిరామ వినుర వేమ

పిల్లలు "మంచివాళ్ళు వేరుగా ఉంటారు" అంటారు. వెంటనే "చూడ చూడ" దగ్గరికి తీసుకెళ్ళండి. ఒక్కసారి చూస్తే తెలియదని ఆ రెండు మాటలే చెబుతున్నాయి. పైగా తేడా ఉన్నది రంగులో కాదు, రుచిలో. దగ్గరికి వెళ్తేగానీ తెలియదు. అప్పుడు వాక్యం మారుతుంది: "మనిషి విలువ పైకి కనిపించదు, మెలగగా మెలగగా తెలుస్తుంది." కవి తేల్చి చెప్పేసిన పద్యంలోనూ పిల్లలు కనుక్కోవడానికి ఇంత మిగిలింది.

పెద్ద తరగతుల పిల్లలకు

ఎనిమిది నుంచి పది తరగతుల వాళ్ళకు పాత్రలు చెప్పే మాటకూ కథ చెప్పే మాటకూ తేడా చూపించాలి. ఒక పాత్ర గొప్పగా ప్రసంగించినంత మాత్రాన అది కథ అభిప్రాయం అయిపోదు. 1910లో వచ్చిన గురజాడ కథ 'దిద్దుబాటు' దీనికి సరిగ్గా సరిపోతుంది. స్త్రీవిద్య గొప్పతనం గురించి నౌకరుకు ఉపన్యాసం ఇచ్చే భర్త గోపాలరావే, మీటింగులని చెప్పి రాత్రుళ్ళు బయట తిరుగుతాడు. చదువుకున్న భార్య కమలిని ఉత్తరం రాసిపెట్టి కనబడకుండా పోతుంది. ఆఖరున మంచం కింద నుంచి నవ్వు వినిపిస్తుంది.

గోపాలరావు మాటలు ఒకవైపు, చేతలు ఇంకోవైపు రాయించండి. రెంటికీ మధ్య ఖాళీ ఎంతుందో చూస్తే థీమ్ అక్కడే దొరుకుతుంది. తర్వాత పేరు: ఎవరు ఎవరిని దిద్దారు? ఏ ఆయుధంతో? చదువు గొప్పదని ఉపన్యాసం ఇచ్చినవాడికి ఆ చదువే ఉత్తరం రూపంలో తిరిగొచ్చిందని పదో తరగతి అమ్మాయిలు పట్టుకోగలరు. నవ్వుతో ముగించడం వల్ల కథ భర్తను మరీ తేలిగ్గా వదిలేసిందా అన్నది కూడా అడగండి. రచయితతో ఒప్పుకోకపోవడం కూడా చదవడంలో భాగమే. అది ఈ వయసులో రాకపోతే తర్వాత రావడం కష్టం.

రెండు కథల్ని పక్కపక్కన పెట్టడం ఇంకో మంచి పని. ఏడు చేపల కథనూ పావురాల కథనూ కలిపి చూడండి. ఒకదాంట్లో ప్రతివాడూ తప్పు పక్కవాడి మీదకి నెట్టాడు, చేప ఎండిందో లేదో కథ చెప్పనే లేదు. రెండోదాంట్లో ఒకడు ఆ నెట్టడాన్ని ఆపాడు, వల గాల్లోకి లేచింది. ఈ పోలిక నేను చెప్పేస్తున్నాను గానీ, మీ క్లాసులో మీరు చెప్పకండి. రెండు కథలూ ఒకే వారంలో చెప్పి ఊరుకోండి, ఎవరో ఒకరు లేచి అంటారు.

ఇంట్లో రోజూ చేసేది

బడిలో చేసినంత పద్ధతిగా ఇంట్లో చెయ్యక్కర్లేదు. నిద్రపోయే ముందు కథకు నోటుబుక్కు తెస్తే పిల్లలు కథలే వద్దంటారు. బదులుగా బేతాళుడి ఆట ఆడండి. ప్రతి కథా చెప్పి బేతాళుడు విక్రమార్కుణ్ణి ఒక చిక్కుప్రశ్న అడుగుతాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల వెయ్యి వక్కలవుతుందంటాడు. చెబితే మౌనభంగమై బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. మన ఆటలో బేతాళుడు పిల్లే. కథ మీరు చెప్పాక ప్రశ్న తను అడగాలి, జవాబు మీరు చెప్పాలి.

షరతు ఒకటే. ప్రశ్నకు జవాబు కథలో నేరుగా ఉండకూడదు. "ఆవు దూడకు ఏమిచ్చింది?" చెల్లదు. "పులి ఆవును ఎందుకు నమ్మింది?" చెల్లుతుంది. మొదట్లో పిల్లలు చెల్లని ప్రశ్నలే వేస్తారు. ఫర్వాలేదు, ఒకటి రెండు మీరు వేసి చూపించండి. జవాబు చెప్పేటప్పుడు మీకూ ఆధారం కావాలి. "ఎక్కడుంది, చూపించు నాన్నా" అని వాళ్ళు నిలదీస్తే తప్పించుకోకుండా చూపించండి. జవాబు దొరక్కపోతే తల వెయ్యి వక్కలైనట్టు నటించి పడిపోవాలి. మర్నాడు రాత్రి కథ ఎవరు ఎంచుకోవాలన్నది ఆ రోజు ఆటలో గెలిచినవాళ్ళ ఇష్టం.